మొదటి కోత దేవుడిది

మా ఆయన మామిడి తోటల్లో కాయ కోసే మనిషి. కొమ్మ చివర కాయను కూడా గడ చివర వల కట్టిన చిక్కంతో దెబ్బ తగలకుండా దించేవాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కాలూ పడిపోయాయి. మందులు వాడాం, మొక్కులు మొక్కాం. చివరికి ఎవరో చెబితే మా పేటలోని చర్చికి వెళ్లాం. అప్పటినుంచి పాస్టరుగారు పదిహేను రోజులకోసారి, మంగళవారం, మా ఇంటికి వచ్చి మా ఆయన చెయ్యి తన చేతుల్లో పెట్టుకుని ప్రార్థన చేసేవారు. ఆ రోజు మా ఆయన పొద్దున్నే గడ్డం గియ్యమనేవాడు. మిగతా రోజుల్లో అన్నం కూడా గోడవైపు తిరిగి తినేవాడు. పాస్టరుగారు రావడం మానేస్తే ఈ మనిషి మంచం దిగడని నాకు తెలుసు.

పాస్టరుగార్ని అనుమానించడం నాకు తేలిక కాదు. నాకు అక్షరాలు నేర్పింది ఆయన భార్యే. నేను మనవల్ని ఎత్తిన వయసులో, మధ్యాహ్నం పూట, చర్చి అరుగు మీద నా వేలు పట్టుకుని దిద్దించింది. అయినా కళ్లు చూసేవి చూస్తాయి. తోటలున్నవాళ్ల ఇంట్లో ప్రార్థన గంటసేపు సాగేది, కూలివాళ్ల ఇంట్లో పావుగంటలో అయిపోయేది. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ తొందరపడేవారు కాదు. మా పెరట్లో చిన్న రసాల మామిడి చెట్టు ఉంది. దానికోసమా అనిపించేది. అనిపించగానే లెంపలేసుకునేదాన్ని.

కిందటి వేసవిలో కాయ ముదురుతుండగా ఒక మంగళవారం ప్రార్థన అయ్యాక అన్నారు.

"ఈ ఏడు మొదటి కోత దేవుడికిచ్చెయ్యమ్మా. ఆదివారం ఆరాధన అయ్యాక పేదవాళ్లకి పంచుదాం."

నేను నోరు విప్పేలోపే మా ఆయన వంకర తిరిగిన నోటితో, "ఇచ్చేస్తామండీ అయ్యగారూ" అన్నాడు.

మార్కెట్లో ముందు దిగిన కాయకే ధర. తర్వాత విస్సన్నపేట, చాట్రాయి తోటలన్నీ ఒక్కసారిగా దిగాయంటే అడిగే నాథుడుండడు. మా ఆయన మందులకు ఆ కోతే ఆధారం.

పాస్టరుగారు వెళుతూ గుమ్మంలో ఆగారు. "వచ్చే వారం శుక్రవారం పొద్దున్నే ఆటో పంపుతాను. అప్పటికప్పుడు చిక్కంతో కోయించమ్మా. తొడిమ ఊడితే సొన కారి మచ్చ పడిద్ది."

"పంచేదానికి మచ్చ పడితే ఏముందండీ?"

"దేవుడికిచ్చేది మచ్చలేనిదై ఉండాలి కదమ్మా."

జవాబు బాగానే ఉంది. బైబిల్లో అలాగే ఉందని కూడబలుక్కుని నేనే చదివాను. కానీ శుక్రవారం కోసిన కాయ ఆదివారానికి ఎలా పండుతుంది? రాయిలాంటి రసం కాయను పేదవాళ్లేం చేసుకుంటారు?

తోడికోడలితో ఈ మాట అంటే పగలబడి నవ్వింది. "దేవుడికి షుగరేమో అక్కా! పండు పడదు, పచ్చికాయే పంపమన్నాడు. ఇవ్వనని చెప్పెయ్."

"చెబితే పాస్టరుగారు ఇక రారేమోనే."

"రాకపోతే డబ్బు మనిషని తేలిపోద్దిగా."

"తేలితే మీ బావగారు ఏమైపోతారే?"



మర్నాడే మా మరిది చేత కాయ కోయించి వంటింటి మూల వరిగడ్డిలో మాగవేశాను. శుక్రవారం ఆటో వస్తే, ఆదివారం మేమే తెస్తామని తిప్పి పంపాను. ఆదివారం గంపలు దించేసరికి చర్చంతా వాసన. పాస్టరుగారు గంప మీది గుడ్డ తీసి చూశారు.

"పండబెట్టేశావామ్మా?"

"పంచడానికి కదండీ."

గుడ్డ మడిచి పక్కన పెట్టారు. తర్వాత తానే ఒక్కొక్కటీ తీసి అందరికీ పంచారు. ముసలమ్మలు మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తిన్నారు. ఆయన కూడా ఒకటి తిన్నారు. ఆయన భార్య మాత్రం పండు ముట్టలేదు, నా వైపు చూడలేదు.

మంగళవారం మా ఆయన పొద్దున్నే గడ్డం గీయించుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ వచ్చే వేళ దాటిపోయింది.

"అయ్యగారు ఇక రారా?" అన్నాడు.

"ఎండగా ఉందిగా, చల్లబడ్డాక వస్తార్లే" అన్నాను. వీధిలో ఏ బండి చప్పుడైనా నా గుండె అటే పోయేది.

పొద్దు వాలాక వచ్చారు. ప్రార్థనలో నేను కళ్లు మూసుకోలేదు, ఆయన ముఖమే చూశాను. మూసుకున్న కళ్ల చివర నీళ్లున్నాయి. దొంగ ఏడుపు అనడానికి నాకు మనసొప్పలేదు.

బండి ఎక్కుతూ మెల్లగా అన్నారు. "రెండో కోతన్నా ఆటోకి ఇవ్వమ్మా. మాగేయకుండా."

"పేదవాళ్లకన్నారు కదండీ?"

"చర్చికీ ఖర్చులుంటాయమ్మా" అని బండి స్టార్ట్ చేశారు.

లోపలికి రాగానే మా ఆయన అడిగాడు. "బయట ఏమంటున్నారు అయ్యగారు?"

"నీ చేతికి కాస్త బలం వచ్చిందంటున్నారు."

ఆ మాట పాస్టరుగారు అనలేదు. మా ఆయన ఆ చేతి వేళ్లు కదపాలని చాలాసేపు చూశాడు.

రెండో కోత పచ్చిదే ఆటోకి ఎక్కించాను. అది ఎక్కడికి వెళుతుందని డ్రైవర్ని అడగలేదు.