చెట్లు లేని పార్కు

కరోనా సద్దుమణిగి, మున్సిపల్ ఎన్నికలు అయిన మరుసటి ఏడాది ఆషాఢంలో నన్ను పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులోని ఒక మూడో గ్రేడు మున్సిపాలిటీకి కమిషనర్‌గా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. ఇందులోని వాళ్లంతా ఇంకా అక్కడే ఉన్నారు, చదువుతారు, ఫోన్లు చేస్తారు. నేను కోనసీమవాణ్ని. వరిచేలూ కొబ్బరితోటలూ తప్ప వేరే పంట దగ్గరగా చూసినవాణ్ని కాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత జరిగింది నమ్మడం కష్టం.

కౌన్సిల్లో కమిషనర్‌కు ఓటు ఉండదు. ఎజెండా తయారు చేయడం, అడిగితే నిబంధన చెప్పడం, తీర్మానాన్ని అమలు చేయడం, అది చట్టానికి విరుద్ధమైతే ప్రభుత్వానికి నివేదించడం, అంతవరకే అతని పని. మిగతా సమయమంతా వినాలి. ఈ కౌన్సిల్లో వినడానికి చాలా ఉండేది. శ్మశానంలో నీళ్ల ట్యాంకుకు ఏ రంగు వేయాలన్న అంశం మీద ఒక పూటంతా వాదించుకుని, చివరికి ట్యాంకుకు రంగే వద్దని తీర్మానించిన సభ అది. అధికారపక్షం తరఫున వైస్ చైర్మన్ కోటేశ్వరరావు గారు, ప్రతిపక్షం తరఫున బ్రహ్మయ్య గారు పోట్లాడేవారు. వీళ్లిద్దరూ స్వయానా బావా బావమరుదులు. సభలో 'గౌరవ సభ్యులు' అని పళ్లు కొరుక్కునేవారు, బయట ఒకే బండి మీద ఇంటికి వెళ్లేవారు.

నేను చేరిన కొద్ది వారాలకే కేంద్రం నుంచి ఒక గ్రాంటు వచ్చింది. ఖాళీగా ఉన్న మున్సిపల్ స్థలంలో పార్కు, అందులో నడక బాట. కౌన్సిల్ తీర్మానంతో గడువులోగా ప్రతిపాదన పంపాలి, పంపకపోతే ఆ గ్రాంటు పక్క మున్సిపాలిటీకి వెళ్లిపోతుంది. మాకున్న మంచి స్థలం ఒక్కటే, జిన్నింగు మిల్లు అవతల పాత పశువుల సంత జరిగిన మైదానం. దాని మీద వైస్ చైర్మన్ గారికి షాపింగ్ కాంప్లెక్సు ఆశ ఉందనీ, బ్రహ్మయ్య గారికి కళ్యాణమండపం ఆశ ఉందనీ మా ఆఫీసు మేనేజరు ముందే నా చెవిన వేశాడు. అందుకని అంశం చదివేటప్పుడు మంచినీళ్ల గ్లాసు, మైకు రెండూ వాళ్లకు అందకుండా జరిపించాను.

పార్కు ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఒక్కరు కూడా లేవలేదు. నా సర్వీసులో అలాంటిది చూడలేదు. మున్సిపల్ కౌన్సిల్ ఏకగ్రీవమైందంటే ఇల్లాలు అడగకుండానే కాఫీ తెచ్చినట్టు. తాగుతాం గానీ, ఎందుకో అని ఒక అనుమానం ఉంటుంది.

తర్వాత సవరణలు మొదలయ్యాయి. నడక బాట మట్టిది కాకుండా సిమెంటుది ఉండాలని ఒకరు అన్నారు, పెద్దవాళ్లు కాలు జారకుండా. నలుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పుండాలని ఇంకొకరు. బ్రహ్మయ్య గారు పదిమంది నడవాలన్నారు. మధ్యలో గడ్డి వేస్తే పాములు వస్తాయి, కాబట్టి అదీ సిమెంటే. ఫౌంటెన్ వద్దు, తేమకు దోమలు. ఇక చెట్లు. చెట్లు ఎందుకండీ, ఆకులు రాలతాయి, ఊడ్చే మనుషులు ఏరీ అని వైస్ చైర్మన్ గారు బాధపడ్డారు. నిబంధన ప్రకారం పచ్చదనం తప్పదని నేను చెబితే, ప్రహరీ పొడవునా మోకాలెత్తు మొక్కలు చాలన్నారు. ఆ వార్డు కౌన్సిలర్ నూర్జహాన్ గారు ఒక్క గేటు సంగతే అడిగారు. ట్రాక్టరు పట్టేంత ఉండాలన్నారు. నడవడానికి వచ్చేవాళ్లకు ట్రాక్టరు గేటు ఎందుకమ్మా అంటే, ఎవరికైనా గుండెనొప్పి వస్తే అంబులెన్సు రావద్దా అన్నారు. వృద్ధుల పట్ల ఇంత శ్రద్ధ ఉన్న కౌన్సిల్ దొరికినందుకు ఆ రాత్రి మా ఆవిడతో గర్వంగా చెప్పుకున్నాను.

మా అసిస్టెంట్ ఇంజినీరు విశాఖపట్నం కుర్రాడు, నాలాగే అమాయకుడు. చెప్పినవన్నీ కలిపి నక్షా గీశాడు, టెండరు పిలిచాం, కార్తీకానికి పార్కు తయారైంది. అంత నున్నటి సిమెంటు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెక్కడా లేదు. ఉదయం పూట రిటైరైన ఉద్యోగులు, షుగరున్నవాళ్లు నడిచేవారు. నడిచేవారి సంఘం కూడా పుట్టింది. దానికి అధ్యక్షుడు ఒక మాజీ బ్యాంకు మేనేజరు గారు.

మిరప కోతలు మొదలైన వారానికి ఆ మేనేజరు గారే తెల్లవారుతూనే ఫోన్ చేసి, వెంటనే పార్కుకు రమ్మన్నారు. గొంతు బొంగురుపోయి ఉంది. వెళ్లి చూశాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎర్రగా ఉంది. నడక బాట, మధ్య చదును, బెంచీల కింద, అంతా మిరపకాయలు ఆరబోశారు. ట్రాక్టర్లు గేటులోంచి సుఖంగా వస్తున్నాయి. గోడ వెంబడి జానెడు సందులో నడిచేవారి సంఘం సభ్యులు మాస్కులు కట్టుకుని వరసగా తుమ్ముతూ పోతున్నారు. కరోనాకు కొన్న మాస్కులు పార్కుకు పనికొచ్చాయని మేనేజరు గారు అన్నారు. నేను జవాబు చెప్పబోయి తుమ్మాను.

ఆఫీసుకొచ్చి నక్షా ముందేసుకుని కూర్చుంటే అప్పుడు అర్థమైంది. చెట్లుంటే నీడ పడి కాయ ఎండదు. ఫౌంటెన్ తేమకు బూజు పడుతుంది. సిమెంటు మీద ఆరిన కాయకు మట్టి అంటదు, రంగు నిలుస్తుంది, గుంటూరు యార్డులో రూపాయి ఎక్కువ పలుకుతుంది. మొత్తం కౌన్సిల్ కలిసి, కేంద్ర ప్రభుత్వం సొమ్ముతో, నా సంతకంతో బ్రహ్మాండమైన కల్లం కట్టించుకుంది. కాయలు ఆరబోసే చోటును వీళ్లు కల్లం అంటారు. ఒక్కరి నోటి నుంచి ఆ మాట రాలేదు. అన్ని పార్టీలవాళ్లకూ మిరప చేలున్నాయి మరి. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రజా ఆస్తిని ప్రకటించిన ప్రయోజనానికే వాడాలని, మూడు రోజుల్లో ఖాళీ చేయాలని నోటీసు అంటించాను.

మధ్యాహ్నానికి నూర్జహాన్ గారు ఒక్కరే వచ్చారు. చాలామంది మహిళా కౌన్సిలర్ల వెనక భర్తలు నిలబడి మాట్లాడుతుంటారు. ఈవిడ భర్త మస్తాన్ వలీ ఆఫీసు మెట్లెక్కగా నేను చూడలేదు, ఆయన చేలోనే ఉండేవాడు. ఇద్దరూ కలిసి కౌలుకు మిరప వేశారు. పెద్ద రైతులు కాయ తీయించి సొంత దొడ్లలో పోసుకోగలరు. కౌలుదార్లకు దొడ్లు లేవు.

"నిరుడు బైపాసు మీద పోశామండి" అన్నారావిడ. "చీమకుర్తి రాళ్ల లారీ ఒకటి మా రాశిలో సగం టైర్లకు చుట్టుకుని పోయింది. పోలీసులొచ్చి రోడ్డుకు అడ్డం పోశారని మా మీదే కేసు రాశారు. ఈ ఏడు పంటంతా మీ పార్కులో ఉంది. సగమే ఎండింది. ఇప్పుడు మూటగడితే బూజు పట్టి తాలవుద్ది, సగం ధర కూడా రాదు. తీయమన్నారు సరే, ఎక్కడికి తీయాలో అది కూడా నోటీసులో రాయండి."

బైపాసు అని రాయలేను. ఆవిడ వెళ్లాక చట్టం తిరగేశాను. మున్సిపల్ స్థలాన్ని షరతులతో కొద్దికాలం వేరే పనికి ఇచ్చే అధికారం కౌన్సిల్‌కు ఉంది, తీర్మానం చేస్తే చాలు. దొంగచాటుగా చేస్తున్నది దొరలా చేయమని అత్యవసర సమావేశం పెట్టాను. 'పార్కు స్థలంలో కోతల కాలంలో మిరపకాయలు ఆరబోసుకొనుటకు అనుమతి' అని ఎజెండాలో అచ్చు వేయించాను. అందరికీ కావలసిందే కాబట్టి కాఫీ చల్లారేలోపు అయిపోతుందనుకున్నాను.

మాట అచ్చులో పడగానే ఏకగ్రీవం ఎగిరిపోయింది. వార్డుల వారీగా గీతలు గీయాలని వైస్ చైర్మన్ గారు, గీతలు గీస్తే ఎండ పడే తూర్పు వైపంతా అధికారపక్షానికే పోతుందని బ్రహ్మయ్య గారు. ఇంటిపన్ను బాకీ ఉన్నవాళ్లకు చోటు లేదని ఒకరు. అలాగైతే సభలో సగం మందికి చోటు లేదని ఇంకొకరు. మిరపకిచ్చి పత్తికి ఇవ్వకపోతే వివక్ష అని వెనక వరస నుంచి ఒకాయన. కౌలుదార్లకు భూమి కాగితాలుండవు, వాళ్లు రైతులని ఎలా నమ్మాలి అన్న ప్రశ్న కూడా వచ్చింది. నూర్జహాన్ గారు లేచి అరచేతులు రెండూ చూపించి కూర్చున్నారు. కాయ తీసిన చేతులు, పగిలి ఉన్నాయి.

వాదన అలా సాగుతుండగానే కిటికీ నల్లబడింది. ఉరిమింది. అంతే, కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. 'గౌరవ సభ్యులు అధ్యక్షుల అనుమతి లేకుండా నిష్క్రమించారు' అని మినిట్స్‌లో రాయించబోతుంటే చైర్ పర్సన్ గారు కొంగు నడుముకు బిగించి, వాయిదా వేసినట్టు రాసుకోండి అని చెప్పి మెట్లు దిగిపోయారు. ఆవిడ కాయలూ అక్కడే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

నేనూ జీపెక్కాను. పార్కులో టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు గానీ చాలడం లేదు. ఉన్నవాళ్లు తమ రాశుల మీద కప్పుకున్నారు. కౌలుదార్లవి నడిమధ్యన బోడిగా ఉన్నాయి. మస్తాన్ వలీ ఒంటి మీది చొక్కా తీసి కాయల మీద పరుస్తున్నాడు. ఆ రాశికి ఆ చొక్కా ఏ మూలకు.

నూర్జహాన్ గారు నా దగ్గరకు పరిగెత్తుకొచ్చారు. "గోడౌన్ తాళం ఇప్పించండి. ఫ్లెక్సీలున్నయ్యిగా."

అనుమతి లేకుండా రోడ్ల మీద కట్టిన ఫ్లెక్సీ బోర్డులు మేము తీయించి పార్కు పక్కనున్న గోడౌన్లో వేయించేవాళ్లం. స్వాధీనం చేసుకున్న ఆస్తిని కౌన్సిల్ తీర్మానం లేకుండా బయటకు ఇవ్వకూడదు. కౌన్సిల్ అంతా నా కళ్లెదుటే ఉంది, కానీ పట్టాలు లాగుతోంది. తాళం తీయించాను. ఫైల్లో మాత్రం 'ఫ్లెక్సీలను లెక్క సరిచూచు నిమిత్తం ఆరుబయటకు తరలించడమైనది' అని రాశాను. అది ఆడిట్‌లో ఎవరూ అడగలేదు.

చినుకులు పడేవేళకు పార్కంతా నాయకులు వెల్లకిలా పడుకుని నవ్వుతున్నారు. పుట్టినరోజు శుభాకాంక్షలు, అభినందనలు, స్వాగతం సుస్వాగతం. ఒక యువనాయకుడి ఫ్లెక్సీ ఎంత పెద్దదంటే, అది ఒక్కటే నూర్జహాన్ గారి రాశిని అంచుల దాకా కప్పింది. వైస్ చైర్మన్ గారి పట్టా గాలికి చిరిగి, ఆయన వాటాకు ప్రతిపక్ష నాయకుడి బోర్డు వచ్చింది.

"మా నాయకుడే నీ కాయలు కాస్తున్నాడు బావా" అన్నారు బ్రహ్మయ్య గారు.

"ముందా కొస లాగు బావా, రాజకీయం రేపు" అన్నారు కోటేశ్వరరావు గారు.

వాన గట్టిగానే కురిసింది. అంచుల్లో కొంత తడిసింది గానీ రాశులు నిలిచాయి. మస్తాన్ వలీ ఫ్లెక్సీ ఎత్తి, లోపలి కాయ ఒకటి తీసి, చెవి దగ్గర ఊపి విన్నాడు. గింజ మోగింది కాబోలు, తడిసిన చొక్కా వేసుకున్నాడు.

మర్నాడు వాయిదా పడ్డ సమావేశం జరిగింది. వట్టి చేతులతో మిరపకాయలు తోసినవాళ్ల చేతులు రెండో రోజు ఎలా ఉంటాయో ఆ జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. కళ్లు తుడుచుకోవడానికి లేదు, ముక్కు తాకడానికి లేదు. బల్ల చరచడానికి అసలే లేదు. గౌరవ సభ్యులు అరచేతులు మజ్జిగలో ముంచుకొచ్చి, దూరంగా పెట్టుకుని కూర్చున్నారు. నూర్జహాన్ గారు ప్రతిపాదించారు, వైస్ చైర్మన్ గారు బలపరిచారు. కోతల కాలంలో పార్కు కల్లం. ఏ వార్డైనా, కౌలైనా సొంతమైనా ముందొచ్చినవారికి ముందు చోటు. గోడ వెంబడి మనిషి నడిచేంత బాట వదలాలి. కాఫీ చల్లారేలోపే అయిపోయింది.

శ్రావణంలో రాష్ట్ర కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చారు. అప్పటికి పార్కులో నడిచేవాళ్లే ఉన్నారు. మా తీర్మానం చూపించాను, చదివి అభ్యంతరం లేదని రాసుకున్నారు. ఇంత పెద్ద పార్కులో ఒక్క చెట్టూ లేదేమని మాత్రం అడిగారు. ఆకులు రాలతాయండీ అని వైస్ చైర్మన్ గారు ఎప్పటి బాధతోనే చెప్పారు.

తనిఖీ అధికారి వెళ్లాక నూర్జహాన్ గారిని నా గదికి పిలిచి, మనసులో ఉన్నది అడిగేశాను. కల్లం కావాలని మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదమ్మా అని.

"కల్లానికి గ్రాంటు ఉందాండీ?" అన్నారు.

లేదన్నాను.

"పార్కుకు ఉంది. అందుకని పార్కు కావాలన్నాం. మీరూ పార్కు కావాలా అనే అడిగారుగా, ఏం కావాలని అడగలేదు."

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో ఏ గ్రాంటు వచ్చినా, దాని పేరు చెప్పకముందే ఊరికి ఏం కావాలో ఒక సమావేశంలో అడిగించాను. దానివల్ల సమావేశాలు పొడుగయ్యాయి, తగవులు పెరిగాయి, రెండు గ్రాంట్లు గడువు దాటి పక్క మున్సిపాలిటీకి పోయాయి. ఏకగ్రీవ తీర్మానం మళ్లీ ఒక్కటి కూడా రాలేదు. కట్టినవి మాత్రం, ఏ పేరుతో కట్టామో ఆ పనికే వాడారు.