చెవులకు సేమియా

మొన్న కూరగాయల బండాయన వడలిపోయిన బెండకాయలను పొద్దున కోసినవని చెప్పబోతే, "నా చెవులకు సేమియా తగిలియ్యకు బిడ్డా" అన్నాను. అతను బెండకాయలు వదిలేసి నా చెవుల వంక చూశాడు. అతని తప్పేమీ లేదు. ఆ మాట మా కరీంనగర్‌ది కాదు, రష్యావాళ్లది. నాకు అంటుకున్నదేమో సౌదీలోని హుఫూఫ్‌లో, కోడలి పుణ్యమా అని.

కోడలు రష్యాలో చదువుకుంది. కొడుకు కొలువు హుఫూఫ్‌లో కావడంతో ముగ్గురం అక్కడే ఉండేవాళ్లం, ఆమె ఒక ప్రైవేటు ఆడపిల్లల బడిలో రష్యన్ చెప్పేది. భాష కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం జాతీయాలన్నీ పోగుచేసిన బొమ్మల నిఘంటువు ఒకటి ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేది. ఒక్కో పేజీకి ఒక్కో నుడి, దాని బొమ్మ, అర్థం, వాడుక. మూడో తరగతితో బడి మానిన నేను బొమ్మలే చదివేదాన్ని. ఒక పేజీలో పెట్టెల మీద ఊరికే కూర్చున్న మనుషులు. బండి తప్పిపోయిందేమో అనుకున్నాను. ఇంకో పేజీలో ఒకాయన రెండు చెవులకూ సేమియా! తిండి పాడుచేసే బొమ్మలు పిల్లలకు చూపిస్తారా అని కోప్పడ్డాను.

"మోసం జేసుడన్నట్టు, అత్తమ్మా. మనమేమంటం?"

"చెవుల పువ్వు పెట్టుడు. మనకు పువ్వుతోనే పనైపోతది, సేమియా దండగ."

కోడలు పడీపడీ నవ్వి, మర్నాడు నన్ను క్లాసుకు లాక్కెళ్లింది. అర్థం మీద అట్టముక్క పెట్టి, బొమ్మ చూసి ఊహించమనేది. అందరూ తలోమాట చెప్పాకే అట్టముక్క తీసి, మీ ఇళ్లలో ఏమంటారని అడిగేది. మన మాట చూపించడానికి పువ్వు దొరక్క, నేను కొత్తిమీర రెమ్మ చెవిలో దోపుకుని నిలబడ్డాను. ఆ తర్వాత పిల్లలంతా అలాంటి మాటలు చెప్పమని ఇళ్లలో ముసలమ్మల వెంట పడ్డారట. చేతులు మారి పుస్తకం చినుగుతుంటే మైదా ఉడికించి అతికించి, పాత చీర ముక్కతో అట్ట వేశాను.

అప్పటికే నితాకత్ అని, సౌదీవాళ్లకే కొలువులియ్యాలనే చట్టం పేరుతో కంపెనీలు మనవాళ్లను తగ్గిస్తున్నాయి. ఆపైన వెంట ఉన్న కుటుంబానికి తలకింత పన్ను, లెవీ వచ్చింది, ఏటేటా పెరిగింది. కొడుకు వంటింటి గుమ్మం పట్టుకుని, "ఎండలు ముదురుతున్నయమ్మా, కరీంనగర్ల జర సల్లగుంటది గదా" అన్నాడు.

"నా చెవులకు సేమియా ఎందుకురా? లెవీ అని జెప్పరాదు?"

"నేను గూడ బడి మానేసి మీతోనే వస్త" అంది కోడలు.

"పరీక్షల ముందట పిల్లల్ని ఇడిసిపెడతవా? ఒక్కదాన్ని వండుకతినరాదా నాకు? నోర్మూసుకొని పాఠం జెప్పు."

దేశం విడిచి పొమ్మనే ఎగ్జిట్ కాగితం నాకు వచ్చింది. బయల్దేరేనాడు గుమ్మం దాటబోతుంటే కోడలు ఆపింది. "జర కూసోండ్రి, అత్తమ్మా."

"ఎవ్వలు తుమ్మలేదు గదనే?"

"రష్యాల తుమ్ము అక్కర్లేదు. దూరం వొయ్యేముందు అందరు జరసేపు ఊకె కూసుంటరు."

అప్పుడు తెలిసింది, ఆ బొమ్మలో మనుషులకు బండి తప్పిపోలేదని. కొడుకు సూట్‌కేసు మీద, కోడలు చెప్పుల పీట మీద, నేను ఖర్జూరం డబ్బా మీద కూర్చున్నాం. కింద టాక్సీ హారన్ కొట్టింది. కొడుకు లేవబోతే నేనే కళ్లురిమాను.

కాలాన్ని కూడా నూనెలాగే పొదుపుగా వాడినదాన్ని నేను. అయినా అంతా ఎటు పోయిందో తెలియదు. ఏ పనీ చేయకుండా కూర్చున్న ఆ కాసేపు మాత్రం ఇప్పటికీ ఖర్చు కాకుండా నా దగ్గరే ఉంది.