గోడ వెనక పెట్ట కూత

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. "ఎండలు మస్తున్నయి గదక్కా, అందుకే గుడ్లు ఖరాబైనయేమో" అన్నాను. ఎండలు ఎక్కువగా ఉన్న మాట నిజమే. గుడ్లు పాడైంది మాత్రం నా వల్ల. అది తెలిసీ నెపం ఎండ మీదకు తోశాను.

మా ఇల్లు దేవరయాంజాల్ దాటాక, పొలాలు ప్లాట్లు కాబోయి మధ్యలోనే ఆగిపోయిన చోట ఉంటుంది. మా ప్రహరీ గోడకు అవతల ఒక అక్క టర్కీ కోళ్లు పెంచుతుంది. అరవై దాటిన మనిషి. ఒక పుంజు, నాలుగు పెట్టలు. చుట్టుపక్కల ఎవరింట్లో కోడి పొదుగుకు వచ్చినా గుడ్లు పెట్టడానికి ఆమెనే పిలుస్తారు. గంపలో గడ్డి పరిచి, ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు వేసి, గుడ్లు బేసి లెక్కన తన చేత్తోనే పెడుతుంది. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆమె పెట్టిన గుడ్లు వట్టివి కావడం ఎవరూ చూడలేదు.

ఆ రోజు పొద్దున చూశాం. ఆమె తన టర్కీ గుడ్లు పొదుగుకు పెట్టి పది రోజులైంది. కొట్టంలో చీకటి మూల కూర్చుని ఆమె ఒక్కో గుడ్డు ఎత్తి పట్టుకుంటే, నేను నా ఫోన్ లైటు దాని వెనక పెట్టాను. లోపల పిల్ల ఉంటే ఎర్రటి దారాల్లా నరాలు కనబడాలి. పదకొండు గుడ్లూ బల్బుల్లా తెల్లగా వెలిగాయి.

ఆమె గుడ్లను వదిలి తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"నా చెయ్యి పోయింది సారూ. బౌరంపేట్ల నా బిడ్డకు పిల్లలిస్తనని మాటిచ్చిన. ఇగ మీ ఇంటామెతోని పెట్టిస్త. నేను ముట్ట."

అప్పుడే నేను ఎండల మాట అన్నది.

ఇక అసలు సంగతి చెప్పాలి. నేను వేటగాణ్ని కాను. మన దగ్గర అడవి పిట్టను కొట్టడం నేరం, పైగా నాకు బొద్దింకను కొట్టాలన్నా చెయ్యి రాదు. అయితే మేడ్చల్‌లో కంపెనీకి వెళ్లే బస్సులో గంట సేపు ఫోన్ చూస్తూ కూర్చునే అలవాటు నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోతుంది. అలా ఒకనాడు విదేశీ అడవుల్లో టర్కీ వేట చూశాను. చెట్టుకు ఆనుకుని కూర్చున్న మనిషి చేతిలో ఏదో గీకి పెట్ట కూత కూస్తాడు. దూరం నుంచి పుంజు పలుకుతుంది, వెతుక్కుంటూ వస్తుంది. తుపాకీ నాకు అక్కర్లేదు. ఆ పలకడం మీద మనసు పడింది. మా ఇంట్లో నేను నాలుగుసార్లు పిలిస్తే గాని ఎవరూ పలకరు.

ఆ కూత కూసే పరికరాలు మూడు రకాలు తెప్పించాను. మొదటిది నోట్లో అంగిలికి అతికించుకునే రబ్బరు పొర. నాలుకతో నొక్కి ఊదితే కూత వస్తుందన్నారు. నాకు డోకు వచ్చింది. కళ్ల నీళ్లతో మెడ పట్టుకుని వంటింట్లోకి పోతే, మా ఆవిడ చేపముల్లు ఇరుక్కుందనుకుని ఒట్టి అన్నం ముద్ద చేసి నోట్లో కుక్కింది. ఆనాడు చేప వండలేదని ఆమెకు సాయంత్రం గుర్తొచ్చింది. రెండోది పలక. గుండ్రటి పలక మీద చిన్న కర్రతో గీకాలి. అది గీకినప్పుడు ప్లాట్ల అవతల తుమ్మల్లోంచి నెమలి అరిచింది గాని, గోడ అవతలి పుంజు తలైనా తిప్పలేదు. మా ఆవిడ మాత్రం పళ్లు జివ్వుమంటున్నాయని పలకను బీరువా మీద పెట్టేసింది.

మూడోది చెక్క డబ్బా. జానెడు పొడవు, పైన తెడ్డులాంటి మూత. మూత అడుగున సుద్ద రాసి, డబ్బా అంచు మీద వయ్యారంగా జరిపితే "క్యావ్, క్యావ్" అంటుంది. మొదటిసారి జరపగానే గోడ అవతల నుంచి "గ్లగ్లగ్లగ్లా" అని సమాధానం వచ్చింది. ఒళ్లు పులకరించింది. యాభై ఏళ్లలో నా పిలుపుకు అంత వెంటనే, అంత గౌరవంగా ఎవరూ పలకలేదు.

పుంజు దగ్గరికి వచ్చాక ఊరుకోవాలని, మితిమీరి పిలిస్తే నమ్మదని ఆ వేటగాళ్లు చెబుతారు. నేను నిష్ఠగా పాటించాను. పొద్దున బస్సుకు ముందు మూడు కూతలు, సాయంత్రం వచ్చాక మూడు. సెలవు రోజైతే లెక్క లేదు. పుంజు గోడ దగ్గరికి వచ్చి తోక విప్పి, రెక్కలు నేలకు ఈడ్చుకుంటూ తిరిగేది. ఆ తర్వాత నేను ఊరుకునే కొద్దీ దానికి ఆశ పెరిగేది. నేను ఆఫీసులో ఉన్నంతసేపూ అది గోడ కాడే కాపలా. పెట్టలు జత కోసం పక్కన వచ్చి కూర్చున్నా వాటిని దాటుకుంటూ గోడ వైపే నడిచేది. జత కట్టని పెట్ట గుడ్డులో పిల్ల ఎక్కడిది?

"వీనికేమైంది సారూ, ఎప్పుడు జూసినా మీ గోడ కాడనే ఉంటాండు" అని అక్క రెండుసార్లు అడిగింది. గోడ నీడ చల్లగా ఉందేమో అన్నాను. ఇప్పుడు తలచుకుంటే, నీడా ఎండా రెండింటినీ నా అబద్ధాలకు వాడేశాను.

గుడ్లు వట్టివని తేలిన సాయంత్రం మా ఆవిడ చెప్పింది. "పక్క గల్లీల కోడి పొదుగుకొచ్చిందని పిలిస్తే అక్క పోనందట. నా చేత్తోని మీ గుడ్లు గూడ ఖరాబ్ జేస్కోకుండ్రి అన్నదట." ఆ మాటకు నాకు అన్నం దిగలేదు. ఈసారి ముద్ద కూడా పనిచేయదని తెలుసు.

మర్నాడు డబ్బా పట్టుకుని గోడ చుట్టూ తిరిగి ఆమె వాకిట్లోకి వెళ్లాను. గోంగూర ఒలుస్తోంది.

"అక్కా, ఎండ గాదు. నేను" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. డబ్బా మీద మూత జరిపి చూపించాను. మా గోడ దగ్గరున్న పుంజు అరుస్తూ పరుగెత్తుకొచ్చి మా ఇద్దరి మధ్య తోక విప్పి నిలబడింది. ఆమె పుంజును చూసింది, డబ్బాను చూసింది, చివరికి నన్ను చూసింది.

"అంటే రెండు నెల్ల సంది వాడు నీతోని సంసారం జేస్తాండన్నట్టు."

"తప్పయిందక్కా."

"ఇంట్ల పనేం లేదా నీకు? గా కంపెనోళ్లు జీతమెందుకిస్తాండ్రు?" గోంగూర కట్ట పక్కన పెట్టింది. "నిన్న లైటు వట్టుకొని నా మొకం జూస్కుంట ఎండలు అన్నవ్ గద సారూ. గుడ్లు వోతే వోనీ. గదెట్ల అన్నవ్?"

నేను డబ్బాను వీపు వెనక్కి పెట్టుకున్నాను.

పిలవడం మానేస్తే చాలనుకున్నాను. పుంజు మానలేదు. మరో వారం గోడనే చూస్తూ గడిపింది. చివరికి అక్కే తేల్చింది: "నువ్వే మరిపినవ్, నువ్వే మర్లగొట్టాలె. పెట్టల నడుమ గూసోని పిలువు."

అలా కొట్టంలో గోనెపట్టా చాటున, నాలుగు పెట్టల మధ్య, రోజూ పొద్దున అరగంట కూర్చున్నాను. ఒక పెట్టకు నా చొక్కా గుండీలు నచ్చాయి, ఇంకో దానికి నా కాలి బొటనవేలు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండసాగింది. పుంజు వచ్చి గోనెపట్టా చుట్టూ తిరిగేది. నేను నియమం ప్రకారం మూగనోము పట్టేవాణ్ని. ఆరో రోజు అది విసుగెత్తి, మొదటిసారి పక్కనున్న పెట్ట వంక చూసింది. ఆ పెట్ట కూర్చుంది.

బయటి నుంచి అక్క గొంతు వినిపించింది. "ఇగ లే సారూ, ఆడ నీతోని పని లేదు."

ఆ ఆదివారం బౌరంపేట్ వెళ్లి ఆమె బిడ్డకు, తర్వాత పక్క గల్లీ ఇంటివాళ్లకు, డబ్బా మోగించి చూపించి మరీ ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు. బిడ్డ మాత్రం నవ్వడం ఆపి, "గుడ్లు ఖరాబైననాడు మా అమ్మ చెయ్యి జూస్కొని జూస్కొని ఏడ్చింది" అంది.

కొత్త గుడ్లను మా ఆవిడతో పెట్టిస్తానని అక్క పట్టుబట్టింది. మా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుంది. కాసేపటికి అక్కే గంప ముందు కూర్చుని, బొగ్గు, మేకు వేసి, పదకొండూ పెట్టింది. పదో రోజు లైటు పట్టింది నేనే. మొదటి గుడ్డులో ఎర్రటి దారాలు కనబడ్డాయి. ఆమె రెండోది ఎత్తింది. తొమ్మిదింటిలో ఉన్నాయి.

డబ్బా ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. నేనే ఇచ్చాను. దాణా బస్తా దించాలన్నా, కొట్టం రేకు బిగించాలన్నా రెండుసార్లు గీకుతుంది. గోడ చుట్టూ తిరిగి నేను వెళ్లేసరికి పుంజు కూడా వచ్చి నిలబడి ఉంటుంది. ఆమె దాన్ని పక్కకు తోలి, బస్తా నాకు చూపిస్తుంది.