పెన్సిల్ రంగు పిల్ల

మా అమ్మాయి బళ్ళో టీచరమ్మ పిల్లలకి వందేళ్ళ నాటి మూగ కార్టూన్లు చూపించి, అలాంటిదే మీరూ ఒకటి తియ్యండి అంది. అందులో ఎవరి బొమ్మ వాళ్ళే గీసుకోవాలి. ఐర్లండ్‌లో మేముండే ఈ ట్రాలీ ఊళ్ళో వాన వదలక ఆటలు మానేసిన వారం అది, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

ఆ కార్టూన్లు పిల్ల ఇంటికొచ్చి మాకూ చూపించింది. నల్లవాళ్ళంటే సిరాలో ముంచిన ముఖం, దానికి రొట్టెలంత పెదాలు. చైనావాడికి కళ్ళ బదులు రెండు గీతలు. మనవాడికి తలపాగా, బుట్ట, పాము. ఐరిష్‌వాణ్ణి కూడా వదల్లేదు, కోతి దవడ తగిలించి నోట్లో పైపు కుక్కారు. క్లాసులో అందరూ పడీ పడీ నవ్వింది వాణ్ణి చూసేనట.

మా ఆయన ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. పేషెంట్లు ఎంత నస పెట్టినా ఓపిగ్గా వింటారు. ఆ సాయంత్రం మాత్రం టీచరమ్మని ఫోన్లో నోరెత్తనివ్వలేదు. వైవిధ్యం అన్నారు, ప్రాతినిధ్యం అన్నారు, పసి మనసులు అన్నారు. ఇలా గీయడం తప్పని చెప్పడానికే చూపించానని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. చివరికి ‘గ్రాండ్, గ్రాండ్’ అని పెట్టేసింది. ఇక చాలు మహానుభావా అనడానికి ఇక్కడివాళ్ళకి అంతకంటే మర్యాదైన మాట లేదు.

ఆయన ఊగిపోతున్నంతసేపూ పిల్ల పక్కనే కూర్చుని బొమ్మ వేసుకుంది. మధ్యమధ్య తలెత్తి ఆయన వైపే చూస్తుంటే, నాన్న వీరావేశానికి మురిసిపోతోందనుకున్నాను.

దానికొచ్చిన చిక్కల్లా రంగుతోనే. ఆ కార్టూన్లలో ఉన్నవి సిరా నలుపు, కాగితం తెలుపు, అంతే. ముఖం ఖాళీగా వదిలేస్తే పక్కింటి ఐరిష్ పిల్ల అయిపోతుంది. సిరా నింపితే ఆ పాత వెక్కిరింతే అవుతుంది. వదిలెయ్, తొందరగా అయిపోతుందని స్నేహితులు చెప్పారట. అప్పుడది నేనెలా అవుతానని ఇది మొండికేసింది. పెన్సిల్ని పక్కకి వంచి ప్రతి కాగితం మీదా ముఖమూ చేతులూ ఓపిగ్గా రుద్దింది. ఏ రెండు కాగితాల మీదా రుద్దుడు ఒకేలా రాదు కదా. ట్యాబ్‌లో ఫొటోలు తీసి ఆడిస్తే ఇల్లూ కుక్కా నిలకడగా ఉన్నాయి, దీని బొమ్మ మాత్రం మిణుకుమిణుకుమంటోంది. నాకు భలే ముద్దొచ్చింది.

ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి. పచ్చళ్ళ పార్సిల్ పంపినప్పుడల్లా ఆవకాయ పక్కన మనవరాలికి తెల్లబడే క్రీమొకటి పెడతారు. ఎండ లేని దేశం కదా, పిల్లకి రంగు తేలుతుందని ఆవిడ ఆశ. మా ఆయన ఆ ట్యూబులు వాడనివ్వరు. పారెయ్యనూ ఇవ్వరు. బాత్రూమ్ అలమరలో వరసగా పేరుస్తారు.

ఆయన కార్టూన్ రెండుసార్లు ఆడించి చూశారు.

“చాలా బాగుంది తల్లీ. ముఖం మీద మాత్రం కొంచెం లైట్‌గా రుద్దు. మరీ డార్క్ అయిపోయింది, నువ్వంత ఉండవు కదా.”

“నీ చెయ్యి చూసే వేశాను డాడీ,” అంది పిల్ల, ఇంగ్లిషులోనే. “ఫోన్లో మాట్లాడుతున్నావే, ఆ చెయ్యి.”

ప్రాతినిధ్యం గురించి అంతసేపు దంచిన మా ఆయన మడిచిన చొక్కా చేతులు మణికట్టు దాకా దింపుకుని గుండీలు పెట్టుకున్నారు. నేను పిల్లకి పెన్సిల్ చెక్కి ఇచ్చాను.