ఐదులో ఏడు తీసేస్తే

మొన్న ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పోతుంటే, పక్కన కూర్చున్న మా మేనకోడలు ఫోను కిటికీకి ఆనించి కింది రోడ్డును ఫొటో తీసింది. అంతే, తెలంగాణ ఉద్యమం రోజుల్లో అదే రోడ్డుకు తీసిన రెండు ఫొటోలూ, వాటితో నేను పడ్డ తికమకా గుర్తొచ్చాయి.

మన్సూరాబాద్‌లో నేను లెక్కలు చెప్పే చిన్న స్కూలు మూతపడ్డాక, జుట్టు నెరిసే వయసులో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంజనీరింగ్ పిల్లల మధ్య కూర్చొని కంప్యూటర్ కోర్సు చేశాను. అక్కడి సారుది కోస్తా వైపు, నెమ్మదైన మనిషి. కొత్త బ్యాచి ముందు ఒక డెమో సరిగ్గా చేసి చూపిస్తే అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తానన్నారు. ఆ వయసులో నన్ను మరెవరు పిలుస్తారని ఆశంతా దానిమీదే పెట్టుకున్నాను.

డెమో కోసం ఆ కోర్సు నడిచే భవనం మూడో అంతస్తు కిటికీలోంచి మామూలు రోజున ఒకటి, బంద్ రోజున ఒకటి తీసిన రోడ్డు ఫొటోలవి. కంప్యూటర్‌కు ఫొటో అంటే అడ్డంగా నిలువుగా వరుసలు పేర్చిన అంకెల మాత్రికే కాబట్టి, లైబ్రరీ అని పిలిచే రెడీమేడ్ ప్రోగ్రాముల సాయంతో ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే, రెండింట్లోనూ ఉన్న గోడలూ స్తంభాలూ మాయమై, బంద్ నాడు లేని బస్సులూ ఆటోలూ జనమే మిగలాలి. మాత్రికల తీసివేత ఏళ్ళ తరబడి బోర్డు మీద చేయించిందే కదా అని ధీమాగా మీట నొక్కాను. తెరంతా తెల్లటి మచ్చలు. అంకెలు చూస్తే ఇంకా అయోమయం. మళ్ళీ నొక్కినా అదే. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను గానీ, తెలియనిది తెలిసినట్టు నటించడం నావల్ల కాలేదు.

“సార్, ఐదుల ఏడు తీస్తే మైనస్ రెండు గద. గిది రెండు వందల యాభై నాలుగు అంటుందేంది?”

సారు నవ్వలేదు. “ఫొటో అంకెలకి సున్నా కిందకి వెళ్ళే దారి లేదండి మేడం. చుట్టు తిరిగి రెండు వందల యాభై ఐదు నుంచి దిగుతాయి. ముందు మైనస్ పట్టే రకం అంకెల్లోకి మార్చుకోండి,” అన్నారు.

తలూపాను గానీ, నిజం చెప్పొద్దూ, సగమే అర్థమైంది. సున్నా కిందికి దిగలేని లెక్కను ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. మార్చాక మాత్రం నల్లటి తెర మీద బస్సులూ ఆటోలూ జనమూ తేలారు, ఆ ఉద్యోగమూ వచ్చింది.

రాష్ట్రం వచ్చింది, రోడ్డు మారింది, ఆ సారు ఎక్కడున్నారో తెలియదు. మేనకోడలి ఫొటోను ఆ పాతవాటి పక్కన పెట్టి, ఏం పోయిందో ఏం మిగిలిందో తీసి చూడాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఒకే చోటు నుంచి తీసినవైతేనే ఆ లెక్క కుదురుతుంది. ఆ భవనాన్ని ఎప్పుడో కూల్చేశారు. ఇంచుమించు ఆ కిటికీ ఎత్తులోనే ఇప్పుడు మెట్రో పోతుంది గానీ, అక్కడ ఆగదు.