నలభై ఒకటో పేపరు

ఎమ్మిగనూరు నుంచి రోజూ పొద్దున బస్సులో ఆదోని కాలేజీకి వచ్చే వీరభద్రప్ప, కొత్త మందుల కోసం రసాయనాలు తయారుచేసే మనిషి. చొక్కా జేబు కింద ఎన్నిసార్లు ఉతికినా పోని పసుపు మరక, ఆమ్లాలకు పొలుసులూడిన వేలికొసలు. ఇరవై ఏళ్లలో నలభై పరిశోధన పేపర్లు అచ్చయ్యాయి గానీ, ఒక్క మందూ అంగడికి చేరలేదు. పని మొదలుపెట్టే ముందు ప్రతి ఫ్లాస్కునూ కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తాడు; తర్వాత దాన్ని కడిగిన ల్యాబు పనిమనిషి జొహరాబీ వైపు తిరిగి తలాడిస్తాడు. గాజుకు పాత చుక్క అంటుకుని ఉంటే ఫలితమే అబద్ధమవుతుంది. అందుకే ప్రతి పేపరు చివరా ఆమెకు కృతజ్ఞతలు రాస్తాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు, తన పేరు మాత్రం గుర్తుపడుతుంది.

నలభయ్యో పేపరు వచ్చిన రోజు ఆమె పేజీలన్నీ వేలు పెట్టి వెతికింది. "నా పేరు యాడా లేదే సార్. బుడ్లు సరిగా తోమలేదా నేను?" అంది.

"నీ తప్పేం లేదమ్మా. పేపరు అచ్చేసే ఆ జర్నలోళ్లు ఎత్తేసినారు," అన్నాడు.

మూడు నెలలు వాళ్లకు రాసి రాసి, ఆమె పేరుతో ఒక్క వాక్యం సవరణ అచ్చు వేయించాడు. ఇప్పుడు అతని పేపర్ల జాబితాలో నలభై ఒకటోది ఆ ఒక్క వాక్యమే. మీ పేపర్లలో మంచిదేదని ఎవరడిగినా, అదే తీసి చేతిలో పెడతాడు.