జీడిసొన అంటని వేలు

మా వీధి చివరింట్లో ఉండే ఆవిడ వరసకు నాకు కోడలు. పలాస దగ్గర జీడిపిక్కల బట్టీలో పని. ఆవిడ కూతురికి విజయనగరంలో, యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. ఫీజు ప్రభుత్వం కడుతుంది. కాకపోతే తల్లి మా ఊరి సచివాలయానికి వెళ్లి మిషన్ మీద వేలిముద్ర వెయ్యాలి. దానికి ఆ సాయంత్రమే ఆఖరు. ముద్ర పడకపోతే ఫీజు సొంతంగా కట్టాలి. అది ఆ ఇంటివల్ల అయ్యే పని కాదు. సీటు వదులుకుని పిల్ల కూడా బట్టీలో తల్లి పక్కనే కూర్చోవాలి.

ఆఫీసుల్లో మాట్లాడగలనని నాకు ఊళ్లో పేరు. కండక్టరుగా రిటైరయ్యాక ఆ పేరు నేనే ప్రచారం చేసుకున్నాను. అందుకే నన్ను వెంటబెట్టుకెళ్లారు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే సచివాలయమంతా లేచి నిలబడింది. అంతా కాదు, ఒక్కాయనే. ఆయన టీకి వెళ్తున్నాడు.

కోడలు బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. రెండో చేతిది పెట్టింది. మళ్లీ ఎర్ర లైటే. పిక్కల పెంకులోంచి కారే జీడిసొన తగిలి తగిలి ఆవిడ వేళ్ల చర్మం కాలి, ఊడి, కొత్తది వచ్చి, అదీ కాలి, చివరికి గాజులా నున్నబడింది.

"గీతల్లేవమ్మా. మిషన్‌కి ఏటి సూపించాల?" అంది కంప్యూటర్ ముందున్న అమ్మాయి.

"గీతలుంటే నాను బట్టీకెందుకెల్తాను తల్లీ," అంది కోడలు. నవ్వబోయింది గానీ నోరు సహకరించలేదు. కూతురు గోడ గడియారం వైపు చూస్తోంది.

నేను రంగంలోకి దిగాను. కొబ్బరినూనె రాస్తే గీతలు పైకి తేలతాయని, ఒక పెద్ద డాక్టరు నాకు చెప్పాడని అన్నాను. ఏ డాక్టరూ చెప్పలేదు. మా ఇంటి తలుపు గడియకు నూనె రాస్తే కదులుతుంది, అదొక్కటే నాకున్న వైద్యం. పక్క కొట్లో నూనె తెచ్చి పట్టించాను. మిషన్ గాజంతా జిడ్డయింది. తర్వాతున్న పెన్షన్ ముసలాయన వేలు కూడా అది తీసుకోలేదు.

"ఏటి మావా, మిషన్ మీద గారెలేత్తన్నావేటి?" అన్నాడాయన.

వరసలో ఉన్నవాళ్లు ఒక్కసారిగా నామీద పడ్డారు. తుడవడానికే చాలాసేపు పట్టింది. ఆ ఆలస్యం నావల్లే. కూతురు మళ్లీ గడియారం వైపు చూసింది. నన్ను తిట్టినా బాగుండేది.

అప్పుడు నాకు మెరుపులా తట్టింది: "చిటికెన వేలు పెట్టించండి!" ఊళ్లో ఈ కథ ఇలాగే చెబుతున్నాను. మీకు మాత్రం నిజం చెబుతాను. అప్పటికి నన్ను బయటికి పంపేశారు. కుళాయి దగ్గర నూనెగుడ్డ ఉతుకుతూ కిటికీలోంచి చూస్తూ విన్నాను.

"బొటనేలే ఎందుకు మేడమ్? సిటికినేలుకి మా యమ్మకి పిక్క పెద్దగా తగల్దు," అంది కూతురు.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి కోడలి చిటికెన వేలు పట్టుకుని చూసింది. "ఏ యేలైనా తీసుకుంటాది. ఎవులూ పెట్టరు. నాకూ తోచనేదు."

నిజమే. కాయితం మీదైనా, పెన్షన్‌కైనా, రేషన్‌కైనా ముద్రంటే మాకు బొటనవేలే. మిగిలినవి అన్నం కలపడానికి ఉన్నాయనుకుంటాం.

ఎడమచేతి చిటికెన వేలు పడలేదు. కుడిచేతిది పెట్టింది. నెట్ లేక తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉండిపోయింది. గుడ్డ పిండడం మరిచిపోయాను. ఆఫీసు మూసే వేళయి, అవతల ఒకాయన కిటికీలు మూస్తున్నాడు. కోడలు, వేలు కదిలితే పిల్ల బతుకే జారిపోతుందన్నట్టు రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది.

పచ్చ లైటు వెలిగింది.

"తియ్యమ్మా, అయిపోనాది," అంది ఆ అమ్మాయి. కోడలు తియ్యలేదు. కూతురే తీసింది.

"మల్లొచ్చే యేడు కూడా ముద్ర అడుగుతారు. ఆ యేలు జాగర్త," అంది అమ్మాయి.

ఇక్కణ్ణుంచి నేను కలిపిందేమీ లేదు. మర్నాడు బట్టీవైపు వెళ్లాను. కోడలు కుడి చిటికెన వేలికి పాత చీరపేలిక చుట్టుకుని పిక్కలు కొడుతోంది. కట్టు అడ్డొచ్చి చెయ్యి సాగడం లేదు. పక్కావిడ బుట్ట అప్పుడే సగం నిండింది.

"దెబ్బ తగిల్నాదేటే?" అందావిడ.

"నేదు. పిల్ల సదువయ్యేదాకా దీన్ని పన్లో ఎట్టను," అని కోడలు ఆ వేలిని పక్కకు చాచి, ఇంకో పిక్క అందుకుంది.